కొండదారి బండికి చైను సెట్టు ఇంట్లోనే మార్చుకోవడం

మాస్టారూ, మీ ప్రశ్న చదివాను. పర్లాకిమిడి నుంచి గుమ్మ వైపు కొండదారిలో రోజూ బడికి వెళ్లి వస్తున్నారు. 125 సీసీ బండి, 24,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల్లో మూడుసార్లు చైను బిగించినా కటకట చప్పుడు ఆగలేదు. దుకాణంలో చైను ఒక్కటే మార్చమన్నారు, అది సరిపోతుందా అన్నది మీ మొదటి సందేహం. ఆ పని ఇంట్లో చేసుకోవచ్చా అన్నది రెండోది. ఘాటీ తేలికగా ఎక్కాలంటే ఇంజను దగ్గరి ముందు స్ప్రాకెట్టుకు (చైను తగులుకునే పళ్ల చక్రానికి) ఒక పన్ను తగ్గించమని ఎవరో సలహా ఇచ్చారు, అది మంచిదేనా అన్నది మూడోది.

చైను ఒక్కటే మారిస్తే సరిపోదు. ఇంట్లో తప్పకుండా చేసుకోవచ్చు. పన్ను తగ్గించడం గురించి కింద చెబుతాను. పర్లాకిమిడిలో 27 ఏళ్లుగా బళ్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాను. మీరు వెళ్లే దారిలో తిరిగే బళ్లే నా దగ్గరకు ఎక్కువగా వస్తాయి, కాబట్టి అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు ఆ మూడుసార్లు బిగించడం దగ్గర ఆగుదాం. చైను సాగింది అంటాం కానీ నిజానికి ఇనుప పలకలు సాగవు. చైనులో ప్రతి కణుపు దగ్గరా ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు, బుష్షు మీద తిరిగే రోలరు ఉంటాయి. పిన్నుకూ బుష్షుకూ మధ్య నూనె ఆరిపోయి మన ఎర్రమన్ను చేరితే ఆ రెండూ ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. ఒక్కో చోట అరిగేది వెంట్రుక మందం. కానీ ఇలాంటి బండి చైనులో కణుపులు వందకు పైనే ఉంటాయి. 118 కణుపుల చైనులో ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు అరిగినా మొత్తం పొడవు 11.8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాదాపు ఒక కణుపంత పొడవు. రెండు నెలల్లో మూడుసార్లు బిగించవలసి వచ్చిందంటే లోపల అరుగుదల వేగం అందుకుందని అర్థం. బిగించడంతో అది ఆగదు. పైగా అతిగా బిగిస్తే ఇంకా తొందరగా అరుగుతుంది, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

గిడుగు రామమూర్తి గారు సవరలతో కూర్చుని వారి భాష నేర్చుకున్న ఊరు మాది. ఇప్పటికీ నా షెడ్డుకు తెలుగువారు, ఒడియావారు, సవరలు అందరూ వస్తారు. ఎవరి భాషలో వారు మాట్లాడినా, చైను గొడవ చెప్పవలసి వచ్చేసరికి అందరూ నోటితో చప్పుడు చేసి చూపిస్తారు. ఆ చప్పుడును బట్టే నాకు సగం సంగతి తెలిసిపోతుంది. ఆగకుండా గరగరమంటే చైను ఎండిపోయింది, నూనె వేసి చూడాలి. నెమ్మదిగా పోతున్నప్పుడు లెక్క పెట్టినట్టు కట, కట, కట అంటే ఎక్కడో కణుపు పట్టేసింది, లేదా చైను ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా అరిగింది. యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు ఒక్కసారి టక్కుమంటే వెనక చక్రం డ్రమ్ములోని రబ్బర్లు పోయి ఉండవచ్చు, లేదా చైను పళ్ల మీద ఎగురుతూ ఉండవచ్చు. మీరు రాసిన కటకట రెండో రకం.

నిర్ధారించుకోవడానికి రెండు పరీక్షలు చేయండి. చైను కవరు విప్పి, వెనక స్ప్రాకెట్టుకు అన్నిటికంటే వెనక ఉన్న చోట చైనును వేలితో పట్టుకుని వెనక్కి లాగండి. మంచి చైను కదలదు. సగం పన్ను బయటపడేలా పైకి లేచిందంటే దాని పని అయిపోయింది. రెండోది కొలత. బండిని గేరులో ఉంచి, వెనక చక్రాన్ని ముందుకు తిరిగే దిక్కుకు నెట్టి పట్టుకుంటే చైను కింది వరుస బిగుసుకుంటుంది. అప్పుడు స్టీలు స్కేలుతో ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి 20 కణుపులు లెక్కపెట్టి, 21వ పిన్ను మధ్య వరకు కొలవండి. ఈ బళ్లలో చాలావాటికి వాడే 428 సైజు చైనులో ఒక్కో కణుపు 12.7 మిల్లీమీటర్లు, అంటే 20 కణుపులకు 254 మిల్లీమీటర్లు ఉండాలి. 256.5 దాటితే కాలం తీరినట్టే. మీ బండితో ఇచ్చిన పుస్తకంలో హద్దు ఇంతకంటే తక్కువ రాసి ఉంటే అదే పాటించండి. నాలుగైదు చోట్ల కొలవండి. ఒకచోట 255, మరొకచోట 258 వస్తే మీ కటకటకు కారణం దొరికినట్టే.

ఇక చైను ఒక్కటే ఎందుకు చాలదో చూడండి. అరిగిన చైనులో కణుపుకూ కణుపుకూ దూరం పెరుగుతుంది. ఆ పెరిగిన దూరానికి తగినట్టుగా స్ప్రాకెట్టు పళ్లు కూడా ఒక వైపు తినేసినట్టు అరిగి, కొడవలి మొనలా వంగుతాయి. అలాంటి పళ్ల మీద కొత్త చైను వేస్తే కొత్త రోలర్లు పంటి అడుగున కూర్చోవు, కొక్కెంలాంటి మొన మీద ఎక్కి కూర్చుంటాయి. భారం అన్ని పళ్ల మీదా పడకుండా ఒకటి రెండు పళ్ల మీదే పడుతుంది. చాలాకాలం రావలసిన చైను కొన్ని నెలల్లోనే పాతదానిలా తయారవుతుంది. ఆ దుకాణం వారు మీ డబ్బు మిగల్చాలనే చెప్పి ఉంటారు, కానీ ఈ లెక్కలో డబ్బు మిగలదు. ముందు స్ప్రాకెట్టు, వెనక స్ప్రాకెట్టు, చైను మూడూ కలిపి ఒక సెట్టుగా కొనండి. ముందుది చిన్నది కాబట్టి ఒక్కో పన్నూ వెనకదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు చైనును పట్టి వదులుతుంది, అది ముందుగా అరుగుతుంది. అది కవరు లోపల ఉంటుంది కాబట్టి చాలామంది చూడరు. వెనక పళ్లు బాగున్నాయి కదా అని మోసపోకండి.

కొనేటప్పుడు బండి పేరు, అది తయారైన సంవత్సరం చెప్పండి. ఒకే పేరుతో వచ్చిన బండికి సంవత్సరాన్ని బట్టి పళ్ల సంఖ్య, బోల్టు రంధ్రాల మధ్య దూరం మారుతుంటాయి. పాత స్ప్రాకెట్టుల మీద పళ్ల సంఖ్య చెక్కి ఉంటుంది, లేకపోతే సుద్దతో ఒక పంటికి గుర్తు పెట్టి లెక్కపెట్టండి. చైను పలకల మీద 428 అన్న అంకె, తయారీదారు గుర్తు అచ్చయి ఉంటాయి. కణుపుల సంఖ్య పెట్టె మీద ఉంటుంది, అది ఎప్పుడూ సరి సంఖ్యే. బండి కంపెనీ వారిదైనా, పేరున్న చైను తయారీదారుదైనా ఫరవాలేదు. పెట్టె ఒకరిది, లోపలి చైను మీద గుర్తు మరొకరిది అయితే మాత్రం వెనక్కి ఇచ్చేయండి. ఇక్కడ దొరకకపోతే టెక్కలిలోనో బరంపురంలోనో దొరుకుతుంది. రెండు రోజులు ఆలస్యమైనా సరైనదే తెచ్చుకోండి.

మరొక మాట అడిగి తెలుసుకోండి: చైను రెండు కొసలనూ కలిపేది క్లిప్పుతో విప్పుకునే లాకా, కొట్టి బిగించే రివిట్టా. మీ తరగతి బళ్లలో ఎక్కువగా లాకు చైనే వస్తుంది, అది ఇంట్లో వేయవచ్చు. రివిట్టు కొట్టే చైను అయితే దానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. సుత్తితో కొట్టి సరిపెట్టే పని చేయకండి. ఆ ఒక్క పని షెడ్డులో చేయించుకోండి.

ఒక పన్ను తగ్గించే సంగతి. ముందు 15 పళ్లు ఉన్నచోట 14 వేస్తే అదే వేగంలో ఇంజను 7 శాతం ఎక్కువ తిరుగుతుంది. ఘాటీలో లాగుడు పెరిగినట్టు ఉంటుంది, నిజమే. కానీ మీ దారిలో ఘాటీ కొంత దూరమే. మిగతా దారంతా ఇంజను ఆ అదనపు తిరుగుడు తిరగాలి, పెట్రోలు కూడా అందుకు తగ్గట్టే అవుతుంది. చిన్న స్ప్రాకెట్టు చుట్టూ చైను ఎక్కువగా వంగాలి కాబట్టి పిన్నులు మరింత అరుగుతాయి. రోజూ సరుకు మూటలతో కొండ ఎక్కే బండికైతే నేనే వేసి ఇస్తాను. మీరు ఒక్కరే, ఒక సంచితో వెళ్లే బండికి కంపెనీ ఇచ్చిన పళ్లే ఉంచండి. ఘాటీలో ఒక గేరు ముందుగా దించుకుంటే చాలు.

ఇప్పుడు పని. ఆదివారం ఉదయం మొదలుపెట్టండి. మొదటిసారి కాబట్టి మూడు నాలుగు గంటలు పడుతుంది. వసారాలో గచ్చు నేల మీద గోనెసంచి పరిచి, సెంటర్ స్టాండు కింద పలక పెట్టి బండిని నిలపండి. కావలసినవి: రింగు పానాలు, సాకెట్టు పానాలు, ముక్కు పటకారు, స్క్రూడ్రైవరు, సుత్తి, చిన్న చెక్కముక్క, బ్రష్షు, పాత గుడ్డలు, కొంచెం కిరోసిన్ లేదా డీజిలు. దుకాణంలో ఐదారు కొత్త స్ప్లిట్ పిన్నులు (నట్టు ఊడకుండా దూర్చి కాళ్లు వంచే పిన్నులు) కూడా అడిగి తెచ్చుకోండి. వాటిని మరచిపోవద్దు. ఏ నట్టు విప్పినా ముందు ఫోనుతో ఒక ఫొటో తీయండి. విప్పిన వస్తువులను విప్పిన వరుసలోనే గోనె మీద పేర్చండి.

ఎడమవైపు గేరు లివరు విప్పాలి. విప్పేముందు లివరు ఎటు తిరిగి ఉందో ఇరుసు మీద సుద్ద గీత పెట్టండి. ముందు స్ప్రాకెట్టు కవరు తీస్తే లోపల నూనె, మన్ను కలిసి తారు ముద్దలా గడ్డకట్టి ఉంటుంది. దాన్ని చెక్కపుల్లతో గీకండి, స్క్రూడ్రైవరుతో పొడవకండి. అక్కడే న్యూట్రల్ లైటు తీగ ఉండవచ్చు, స్ప్రాకెట్టు వెనక ఇరుసు చుట్టూ నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీలు ఉంటుంది. శుభ్రం చేశాక సీలు దగ్గర తడి కనిపిస్తే అది కారుతోందని అర్థం. ఇప్పుడే మార్పించడం మంచిది, మళ్లీ ఇదంతా విప్పవలసిన పని ఉండదు.

చైను తీయకముందే ముందు స్ప్రాకెట్టును వదులు చేయాలి. చాలామంది ఇక్కడే వరుస తప్పుతారు. చైను తీసేస్తే స్ప్రాకెట్టును పట్టి ఉంచేది ఏదీ ఉండదు, పానా వేస్తే అదీ తిరిగిపోతుంది. బండి గేరులో ఉంచి, ఇంట్లో ఎవరినైనా వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమనండి. మీ తరహా బళ్లలో ఎక్కువగా ఒక చిన్న ఇనుప పలక, రెండు బోల్టులు ఉంటాయి. బోల్టులు విప్పాక పలకను కొంచెం తిప్పితే ఇరుసు గాడుల్లోంచి జారి వస్తుంది. కొన్ని బళ్లకు మధ్యలో ఒక పెద్ద నట్టు, దాని కింద అంచు మడిచిన వాషరు ఉంటాయి. ఆ మడతను ముందు చదును చేసి, అప్పుడు నట్టు విప్పాలి. స్ప్రాకెట్టు ఏ ముఖం బయటికి ఉందో ఫొటో తీసుకోండి.

తరువాత చక్రం తిప్పుతూ చైను లాకు వెనక స్ప్రాకెట్టు మీదకు వచ్చేలా చేయండి. అక్కడ చైను పంటికి పట్టుకుని ఉంటుంది కాబట్టి లాకు తీయడం తేలిక. పటకారుతో లాకు మీది క్లిప్పును దాని విడిపోయిన తోకవైపు నుంచి నొక్కితే జారి వస్తుంది.

వెనక చక్రం తీసే ముందు ఒక్క నిమిషం ఆగండి. డ్రమ్ము బ్రేకు ఉన్న బండిలో బ్రేకు ప్లేటు నుంచి, వెనక చక్రాన్ని పట్టి ఊగే చట్రానికి, అంటే స్వింగ్ ఆర్మ్‌కు ఒక ఇనుప బద్దీ ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా ఆపేది అదే. దాని చివర నట్టు, నట్టులోంచి స్ప్లిట్ పిన్ను ఉంటాయి. చాలా ఏళ్ల క్రితం నా షెడ్డులో ఒక బండికి చైను సెట్టు మార్చాం. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు ఆ నట్టు బిగించాడు, పిన్ను పెట్టలేదు. నేను చూడలేదు. నాలుగు రోజుల తరువాత తప్తపాణి ఘాటీ దిగుతుండగా నట్టు ఊడి, బద్దీ జారి, బ్రేకు వేసేసరికి ప్లేటు గిర్రున తిరిగి బ్రేకు రాడ్డు చుట్టుకుపోయింది. చక్రం ఒక్కసారిగా బిగుసుకుంది. నడిపే ఆయన రోడ్డు పక్కకు పడ్డాడు, భుజం దగ్గర ఎముక విరిగింది. లోయ వైపు పడలేదు. ఆస్పత్రిలో ఆయన భార్య నన్ను చూసి ఒక్క మాట కూడా అనలేదు, అది ఇప్పటికీ నాకు గుర్తుంది. ఆ కుర్రవాడి తప్పు అని నేను ఎవరితోనూ అనలేదు, చూసుకోవలసింది నేనే. అప్పటినుంచి ఏ బండి చక్రం విప్పినా తీసిన పాత పిన్నులన్నీ ఒక గిన్నెలో వేస్తాను. బండి ఇచ్చేముందు ఆ పిన్నులు లెక్కపెట్టి, అన్ని కొత్త పిన్నులూ బండికి ఉన్నాయో లేదో చేత్తో తాకి చూస్తాను. మాస్టారూ, మీరూ అలాగే ఒక గిన్నె పెట్టుకోండి. చైను పనిలో చేతకాక తప్పు జరిగితే చాలాసార్లు చప్పుడుతో పోతుంది. చైను కోసం విప్పిన బ్రేకు దగ్గర తప్పు జరిగితే మనిషి పడతాడు.

బ్రేకు రాడ్డు నట్టు విప్పి, దాని స్ప్రింగు, గుండ్రటి పిన్ను జాగ్రత్త చేయండి. బద్దీ విప్పండి, ఇరుసు నట్టు విప్పండి, ఇరుసును చెక్కముక్క అడ్డుపెట్టి నెమ్మదిగా కొట్టి బయటికి లాగండి. చక్రం పక్కన ఉండే గొట్టంలాంటి స్పేసరు కింద పడుతుంది, అది ఏ వైపుదో గుర్తుంచుకోండి. కొన్ని బళ్లలో చక్రం బయటికి వచ్చినా స్ప్రాకెట్టు ఉన్న డ్రమ్ము స్వింగ్ ఆర్మ్‌కే వేలాడుతుంది. దాన్ని పట్టుకున్న పెద్ద నట్టు వేరే ఉంటుంది, అదీ విప్పాలి. వెనక డిస్కు బ్రేకు ఉన్న బండి అయితే చక్రం బయట ఉన్నంతసేపూ బ్రేకు పెడలు ఎవరూ తొక్కకుండా చూడండి.

చక్రం చేతిలో ఉన్నప్పుడు మూడు చూడండి. డ్రమ్ములోని రబ్బర్లు: స్ప్రాకెట్టు డ్రమ్మును చేత్తో అటూ ఇటూ తిప్పితే లొడలొడలాడకూడదు. నలిగి, గట్టిపడి ఉంటే మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు. అవి మార్చకపోతే యాక్సిలరేటరు ఇచ్చినప్పుడల్లా పడే కుదుపు నేరుగా కొత్త చైను మీద పడుతుంది. బేరింగులు: వేలు పెట్టి తిప్పితే గరుకు తగలకూడదు. బ్రేకు షూలు: మందం ఎంత ఉందో చూసి, లోపలి బూడిదను తడిగుడ్డతో తుడవండి. నోటితో ఊదకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

వెనక స్ప్రాకెట్టు నట్టులు గట్టిగా ఉంటాయి. వాటి వాషర్ల అంచులు మడిచి ఉంటే ముందు చదును చేయండి. పాతది తీశాక అది కూర్చునే చోటు గుడ్డతో తుడిచి మన్ను రేణువు కూడా లేకుండా చూడండి. రేణువు ఉంటే స్ప్రాకెట్టు వంకరగా కూర్చుంటుంది, తిరిగేటప్పుడు ఊగుతుంది. కొత్తది పెట్టి నట్టులన్నీ ముందు చేత్తో వేసి, తరువాత ఒకదానికి ఎదురుగా ఉన్నదాన్ని బిగిస్తూ రెండు మూడు విడతల్లో పూర్తి చేయండి. వాషరు అంచులు మళ్లీ మడవండి.

ముందు స్ప్రాకెట్టు తగిలించండి, బోల్టులు అప్పటికి చేత్తో వేస్తే చాలు. చక్రాన్ని స్వింగ్ ఆర్మ్‌లో పెట్టేముందు చైను అడ్జస్టర్లు (చక్రాన్ని ముందుకూ వెనక్కీ జరిపేవి) రెండూ పూర్తిగా వదులు చేయండి. పాత చైను సాగి ఉన్నందువల్ల చక్రం వెనక్కి జరిగి ఉంది. కొత్త చైను పొట్టిది, చక్రం మళ్లీ ముందుకు జరగాలి. ఇది తెలియక చైను చాలడం లేదని దుకాణానికి తిరిగి వెళ్లినవారు ఉన్నారు.

కొత్త చైను మీద ఉన్న జిగురు కంపెనీ పెట్టిన గ్రీజు. దాన్ని కడగకండి. చైను రెండు స్ప్రాకెట్టుల మీదుగా వేసి రెండు కొసలనూ వెనక స్ప్రాకెట్టు మీద కలపండి. లాకు పిన్నులను లోపలి వైపు నుంచి దూర్చి, బయటి పలక పెట్టి, క్లిప్పు వేయాలి. క్లిప్పు చేప ఆకారంలో ఉంటుంది: ఒక వైపు మూసి ఉన్న తల, మరో వైపు విడిపోయిన తోక. చైను పరుగెత్తే దిక్కుకు తల ముందు ఉండాలి, తోక వెనక ఉండాలి. చేప ఈదినట్టే. తిరగేసి పెడితే దారిలో రాయో పుల్లో తగిలినప్పుడు తోక విప్పుకుని క్లిప్పు ఎగిరిపోతుంది. బండి ముందుకు పోయేటప్పుడు చైను పై వరుస ముందుకు వెళుతుంది, కింది వరుస వెనక్కి వస్తుంది. కాబట్టి లాకు పై వరుసలో ఉంటే చేప తల ఇంజను వైపు, కింది వరుసలో ఉంటే తల వెనక చక్రం వైపు ఉండాలి. వేశాక చక్రాన్ని చేత్తో తిప్పి రెండు చోట్లా చూడండి. క్లిప్పు రెండు పిన్నుల గాడుల్లోనూ టిక్కుమని కూర్చుందో లేదో స్క్రూడ్రైవరు మొనతో తాకి చూడండి. ఇక ఎవరినైనా మళ్లీ బ్రేకు తొక్కమని ముందు స్ప్రాకెట్టు బోల్టులు పూర్తిగా బిగించండి.

ఇప్పుడు చైనుకు తగినంత వదులు ఉంచడం. మీ పాత చైను ఇంత త్వరగా పోవడానికి ఇక్కడే కారణం ఉందని నా నమ్మకం. మన వైపు చైను అంటే బిగుతుగా ఉండాలని, వదులుగా ఉంటే ఊడిపోతుందని ఒక భయం ఉంది. వెనక చక్రం గుంతలో పడి లేచినప్పుడు స్వింగ్ ఆర్మ్ పైకీ కిందికీ ఊగుతుంది. ముందు స్ప్రాకెట్టు, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక చక్రం ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చిన క్షణంలో చైను అన్నిటికంటే ఎక్కువ బిగుసుకుంటుంది. స్టాండు మీద బిగుతుగా పెట్టిన చైను, ఇద్దరు కూర్చుని గుంతలో దిగినప్పుడు తీగలా లాక్కుంటుంది. ఆ లాగుడంతా పిన్నుల మీదా, గేరుబాక్సు ఇరుసు బేరింగు మీదా పడుతుంది. ఆ బేరింగు పోతే ఇంజను విప్పాలి.

ఎంత వదులు ఉండాలో చైను కవరు మీద గానీ బండి పుస్తకంలో గానీ రాసి ఉంటుంది. ఈ తరగతి బళ్లకు ఎక్కువగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు. కింది వరుస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం అంత కదలాలి. చక్రం కొద్దికొద్దిగా తిప్పుతూ పది చోట్ల చూసి, అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట ఈ కొలత పెట్టండి. తరువాత మీరు బండి మీద కూర్చుని, ఇంకొకరిని వేలితో కదిపి చూడమనండి. అప్పుడు కూడా కొంత ఆట మిగలాలి.

వదులుతో పాటు చక్రం వంకర కూడా చూడాలి. రెండు వైపులా అడ్జస్టరు గీతలు సమానంగా పెట్టండి. అయితే పడిన బండి, పాత బండి గీతలను పూర్తిగా నమ్మలేం. వెనక కూర్చుని చైను పై వరుస వెంట ముందుకు చూడండి, అది నూలు పట్టినట్టు తిన్నగా ముందు స్ప్రాకెట్టులోకి వెళ్లాలి. చక్రం తిప్పి పళ్ల పక్కలు చూడండి, చైను లోపలి పలక ఒక్క పక్కనే రాసుకుంటూ మెరుపు తేలితే చక్రం ఆ వైపు తిరిగి ఉందని అర్థం. సరిచేసి ఇరుసు నట్టు బిగించండి. బిగించేటప్పుడు చక్రం కొంచెం జరుగుతుంది కాబట్టి వదులు మళ్లీ కొలవండి. కొలిచిన ప్రతిసారీ మారుతుంటే విసుగు పడకండి, మూడోసారికి కుదురుతుంది.

బద్దీ నట్టు, దానికి కొత్త స్ప్లిట్ పిన్ను, రెండు కాళ్లూ విడదీసి వంచాలి. ఇరుసు నట్టుకు పిన్ను ఉండే బండి అయితే దానికీ పెట్టండి. చక్రం ముందుకు జరిగింది కాబట్టి బ్రేకు పెడలు ఆట కూడా మారి ఉంటుంది. రాడ్డు నట్టుతో సరిచేసి, చక్రం తిప్పి బ్రేకు తొక్కి చూడండి. వెనక బ్రేకు లైటు వెలుగుతోందా చూడండి. గేరు లివరు సుద్ద గీత ప్రకారం వేయండి. గిన్నెలో పిన్నులు లెక్కపెట్టండి. అప్పుడు మీ వీధి చివరిదాకా మెల్లగా నడిపి, నాలుగుసార్లు బ్రేకు వేసి, ఇంటికి తిరిగి వచ్చి అన్ని నట్టులూ మళ్లీ చూడండి. మొదటిరోజే ఘాటీకి వెళ్లకండి.

కొత్త చైను మొదటి 300 నుంచి 500 కిలోమీటర్లలో కొంచెం వదులవుతుంది. అది కుదురుకోవడమే, అప్పుడు ఒకసారి సరిచేస్తే ఆ తరువాత చాలాకాలం ముట్టుకోనక్కర లేదు. నూనె మాత్రం ప్రతి 500 కిలోమీటర్లకు వేయండి. రథయాత్ర నాటికి వానలు పట్టుకుంటాయి, అప్పటినుంచి దసరా దాకా తడిసిన ప్రతిసారీ వేయాలి. 90 నంబరు గేరు ఆయిల్ చాలు. బండి తిరిగి వచ్చి చైను వెచ్చగా ఉన్నప్పుడు, కింది వరుసకు లోపలి వైపు చుక్కలు చుక్కలుగా వేసి, పొడిగుడ్డతో పైపైన తుడవండి. మిగిలిపోయిన నూనె మన్నును పట్టుకుంటుంది. వాగు దాటిన రోజు ముందు కిరోసిన్ అద్దిన బ్రష్షుతో మట్టి తీసి, ఆరాక నూనె వేయండి. పెట్రోలు వాడకండి, చైనులో రబ్బరు రింగులు ఉంటే అవి పాడవుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత రోడ్ల మీద ఇసుక, బురద మేట వేసినప్పుడు అప్పుడే వేసిన చైన్లు కూడా నెలల్లో పాడై నా దగ్గరకు వచ్చాయి. అదే బురదలో తిరిగినా రోజూ తుడిచి నూనె వేసుకున్నవారివి నిలిచాయి.

తుడిచేటప్పుడు గానీ నూనె వేసేటప్పుడు గానీ ఇంజను నడవకూడదు. గేరులో వేసి చక్రం తిరుగుతుండగా గుడ్డ పట్టుకుంటే, గుడ్డను చైను లాగి, గుడ్డతో పాటు వేలిని స్ప్రాకెట్టులోకి లాగుతుంది. తెలిసినవారిలోనే వేలి కొస పోగొట్టుకున్న మనిషి ఉన్నాడు. న్యూట్రలులో పెట్టి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, చక్రాన్ని చేత్తో తిప్పుకోండి. పిల్లలు దగ్గరకు వస్తే పని ఆపండి.

పాత చైను పారేసేముందు దాని లాకు తీసి ఉంచుకోవాలని అనిపిస్తుంది, అది అరిగిన లాకు, వద్దు. సెట్టు కొన్నప్పుడే అదే సైజు కొత్త లాకు ఒకటి విడిగా అడగండి. చిన్న ప్లాస్టిక్ సంచిలో కొంచెం గ్రీజు రాసి చుట్టి, ఒక పటకారుతో కలిపి సీటు కింద ఉంచండి. గుమ్మ దారిలో సాయంత్రం ఐదు దాటాక లాకు పోతే మిమ్మల్ని ఇంటికి చేర్చేది అదే.